మిరపకాయల కింద ఇరవై అయిదు మీటర్లు

మా బండిని మొదటిసారి చూసినవాళ్ళు రెండే ప్రశ్నలు అడుగుతారు. ఎన్నికల రోజులైతే "ఏ పార్టీ అండీ?" అని, మామూలు రోజులైతే "బీపీ ఎక్కడ చూస్తారు?" అని. ఒక ఊళ్ళో టీ తాగడానికి ఆపి తిరిగొచ్చేసరికి, బండి నీడలో నలుగురు పెద్దవాళ్ళు చొక్కా చేతులు పైకి మడుచుకుని వరసగా కూర్చుని ఉన్నారు. ఇది వైద్య శిబిరం కాదని నమ్మించడానికి చాలాసేపు పట్టింది. చివర కూర్చున్నాయన అప్పటికీ నమ్మలేదు. "పోనీ షుగరన్నా చూడండి" అన్నాడు.

అది ఒకప్పుడు స్కూలు పిల్లల్ని మోసిన మినీ బస్సు. గుంటూరు ఆటోనగర్‌లో బాడీలు కట్టే ఒక షెడ్డులో సీట్లన్నీ పీకించి, రెండు మంచాలు, చిన్న వంటగట్టు, ఫ్రిజ్, ఏసీ, స్నానానికి గీజరు పెట్టించాం. తెలిసినవాళ్ళు దీన్ని మోటార్‌హోమ్ అంటారు. మా బంధువులు డబ్బా అంటారు. నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. మా ఆవిడ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయింది. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో దీన్నిబట్టే ఊహించుకోవచ్చు.

బండి ఎందుకు కట్టించారని అడిగినవాళ్ళకు నేను చాలా కారణాలు చెప్పేవాణ్ణి. దేశాటన అన్నాను, స్వేచ్ఛ అన్నాను. అసలు కారణం ఒక్కటే. వినుకొండ అవతల మా బావకు, అంటే మా ఆవిడ అన్నయ్యకు, మిరప తోట ఉంది. ఆవిడ చిన్నప్పుడు కోతల రోజుల్లో ఇంటిల్లిపాదీ కల్లంలోనే కాపురం పెట్టేవారట. కోసిన పండుమిరప కాయల్ని ఎండబోసే బయలే కల్లం. చుట్టూ ఎర్రటి కాయలు, మధ్యలో నులకమంచాలు, పొద్దున లేవగానే ముక్కులో ఘాటు. ఒక్క కోత మొదటినుంచి చివరిదాకా మళ్ళీ అలా కల్లంలో ఉండాలని ఆవిడ కోరిక. నులకమంచం మీద పడుకుంటే లేవనిచ్చేది లేదని మోకాళ్ళు ముందే చెప్పేశాయి. "ఇంటికాడ పడుకుని పొద్దున్నే రావచ్చుగా అమ్మాయ్" అని బావ అంటే, "ఇంట్లో పడుకునేదానికి మా ఇల్లు లేదా అన్నయ్యా" అంది. అలా డబ్బా పుట్టింది.

బండిలో ఉన్న బ్యాటరీ దీపాలకు, ఫ్యానుకు, ఫోన్లకు చాలుతుంది. మార్చి నెలలో మిరప చేల మధ్య ఏసీ లేకుండా రేకు డబ్బాలో ఉండడమంటే మనమూ ఎండుతున్న కాయలతో పాటు చేరినట్టే. కాబట్టి ఆగిన చోటల్లా బయటినుంచి కరెంటు తీసుకోవాలి. దానికి కేబుల్ కావాలి. కరెంటు గురించి అప్పటిదాకా నాకు తెలిసిందల్లా బిల్లు ఒక్కటే.

గుంటూరులో ఎలక్ట్రికల్ సామాన్లు అమ్మే వీధిలో ఒక కొట్టుకు వెళ్ళాను. కౌంటరు వెనకున్నాయన తల ఎత్తకుండానే అడిగాడు.

"మోటారుకా, పందిరికా?"

మా వైపు పొడుగు వైరు అవసరం ఈ రెంటికే పడుతుంది. "బండికి" అన్నాను.

"బండికి బ్యాటరీ ఉంటదిగా."

"ఇది ఇల్లులాంటి బండి. ఎవరింటి దగ్గర ఆగితే వాళ్ళింటి కరెంటు తీసుకుంటాం."

అప్పుడు తల ఎత్తాడు. "వాళ్ళకి తెలిసేనా?"

"తెలిసే."

"అట్టాగైతే పర్లేదు" అని, వేలు లావున్న ఒక వైరు చుట్ట తీసి ముందు పెట్టాడు. "ఇది తీసుకోండి సార్. దీని మీద ఎన్ని పెళ్ళిళ్ళు అయినాయో లెక్కలేదు."

పెళ్ళిళ్ళు బల్బుల మీద, మైకు మీద అయిపోతాయి. నాది ఏసీ, గీజరు. బాడీ షెడ్డాయన నాకు ముందే చెప్పి పంపాడు. లోపల మూడు తీగెలుండాలి, ఒక్కొక్కటి రెండున్నర ఎమ్మెమ్ ఉండాలి, పైన రబ్బరు తొడుగుండాలి, మెత్తగా వంగాలి. సన్నటి తీగెలో ఎక్కువ కరెంటు లాగితే అది కాలుతుంది, పొడుగెక్కినకొద్దీ అవతలి కొసకు వచ్చేసరికి నీరసపడుతుంది. అంతా చెప్పాను.

కొట్టాయన వెతికి చూసి, "రెండున్నర త్రీకోర్ ఏకముక్క లేదండీ. పది మీటర్లదొకటి, పదిహేనుదొకటి ఉంది. మావాడు అతుకేస్తే కంపెనీవాడు కూడా కనుక్కోలేడు" అన్నాడు.

"కంపెనీవాడు కనుక్కోకపోయినా వాన కనుక్కుంటుందండీ" అన్నాను. ఆ మాట నాది కాదు, బాడీ షెడ్డాయనది. కానీ ఆయన అక్కడ లేడు.

నాలుగో కొట్టులో దొరికింది. ఇరవై అయిదు మీటర్లు, ఏకముక్క. ఒక కొసకు బండి వైపు దూరే నీలం రంగు గుండ్రటి ప్లగ్గు, రెండో కొసకు గోడలో పెట్టే లావుపాటి త్రీపిన్. ముందు బండికి తగిలించాలి, తర్వాత గోడకు పెట్టాలి, ఆఖర్న స్విచ్చి వెయ్యాలి. తీసేటప్పుడు ముందు స్విచ్చి ఆపాలి, గోడనుంచి పీకాలి, ఆ తర్వాతే బండి. ఎంత దగ్గర్లో ఆగినా సరే, కేబులంతా విప్పి నేల మీద పరచాలి. బండి దగ్గర కొంచెం కిందికి వేలాడనివ్వాలి, వాన నీళ్ళు ప్లగ్గులోకి పోకుండా కిందికి జారిపోతాయి. ఇదంతా నేను మా ఆవిడకు పాఠంలా చెప్పాను. ఆవిడ విన్నది. తర్వాత తేలిందేమిటంటే, మా ఇద్దరిలో విన్నది ఆవిడ ఒక్కతే.

మొదటి మజిలీ పెదకాకాని. మా చిన్నాన్నగారి ఇల్లు. దగ్గర్లో మొదలుపెడితే తప్పులుంటే దగ్గర్లోనే తెలుస్తాయని మా ఆవిడ లెక్క. లెక్క తప్పలేదు.

పొద్దున్నే చేరాం. నేను కేబుల్ పరిచి, బండికి తగిలించి, రెండో కొస వరండాలో సాకెట్ దగ్గర వదిలి, లోపలికి టిఫినుకు వెళ్ళాను. పిన్ని పెసరట్టు వేసింది, వద్దన్నా ఇంకోటి వేసింది. బయటికొచ్చేసరికి చిన్నాన్న చేతిలో యాక్సా బ్లేడుతో నిలబడి ఉన్నారు. రెండో చేతిలో చిన్న ఇత్తడి ముక్క. పన్ను పీకిన డాక్టరు మనకే మన పన్ను చూపించినట్టు చూపించారు.

"ఇదిగోరా. ఇదే అడ్డం పడింది. పైబొక్క సున్నాలు వేసీ వేసీ మూసుకుపోయిందిలే. కోసేశా. ఇప్పుడు చక్కగా పోయింది లోపలికి."

అది ఎర్తు పిన్ను.

"చిన్నాన్నా, అది ఉండాలి."

"ఎందుకురా? మా ఇంట్లో టీవీ రావట్లా? ఫ్యాన్ తిరగట్లా? రెండిటితో వచ్చే కరెంటుకి మూడోది ఊరికే అలంకారం."

వాదించేలోపే మా ఆవిడ కుళాయి దగ్గర మొహం కడుక్కుని, తడి కాళ్ళతో వచ్చి బండి తలుపు పట్టుకుంది. చెయ్యి వెంటనే వెనక్కి తీసుకుంది. ఎవరో తన చేతిలో ఏదో పెట్టినట్టు దాన్ని ఒకసారి చూసుకుంది.

"జిల్లుమంది" అంది.

నేను చరిత్ర మనిషిని, ఆధారం లేకుండా ఏదీ నమ్మను. చెప్పులు విప్పి నేనూ పట్టుకున్నాను. నమ్మాను. గీజరులో ఎక్కడో కొంచెం కరెంటు కారుతోంది. ఎర్తు తీగె ఉంటే అది బుద్ధిగా దాంట్లోంచి భూమిలోకి పోయేది. పిన్ను కోసేశాక దానికి వేరే దారి లేదు, బండి రేకు మీద కూర్చుని తడి కాళ్ళ కోసం ఎదురు చూస్తోంది.

"తడి కాళ్ళతో ఎవరు పట్టుకోమన్నారమ్మా" అన్నారు చిన్నాన్న నొచ్చుకుంటూ.

మా ఆవిడ కాళ్ళు తుడుచుకుని చెప్పులు వేసుకుంది. గుంటూరు తిరిగొచ్చే దారిలో నాతో అంది. సెలవుల హోంవర్కు చెప్పే గొంతు.

"ఎర్తు సరిగ్గా లేని కరెంటు మీద నేను పడుకోను. ఇంకోసారి ఇట్లాంటిది జరిగితే కల్లమూ వద్దు, బండీ వద్దు. అమ్మేద్దాం."

ఆవిడ బండి వద్దంటే నాకు అంత బాధ లేదు. కల్లం వద్దనే రోజు వస్తుందేమోనన్నదే నా బెంగ.

గీజరు బాగు చేయించాను. ప్లగ్గు కొత్తది వేయించాను. కరెంటు దారి తప్పితే రెప్పపాటులో ఆపేసే ఈఎల్‌సీబీ ఒకటి బండిలో పెట్టించాను. అగ్గిపెట్టంత టెస్టరు కూడా ఒకటి కొన్నాను. గోడ సాకెట్లో పెడితే దాని మీద మూడు చిన్న దీపాలు. ఎర్తు ఉంటే ఒక రకంగా వెలుగుతాయి, లేకపోతే ఇంకో రకంగా వెలుగుతాయి. ఆ టెస్టరు కొన్న తర్వాతే మా బంధువర్గంతో నాకు చిక్కులు మొదలయ్యాయి.

ఎవరింటికి వెళ్ళినా ఎర్తు ఉండదు. వైరింగు చేసినవాడు పెట్టే ఉంటాడు. తర్వాత ఎవరో గోడకు కొత్త రంగు వేయిస్తూ కోసేసి ఉంటారు, లేకపోతే అది నీళ్ళ పైపుకు కట్టి ఉంటుంది, ఆ పైపు ఈమధ్యే ప్లాస్టిక్‌ది వేయించి ఉంటారు. అది వాళ్ళకు చెప్పడమెలా? "మీ ఇంట్లో ఎర్తు లేదండీ" అంటే "మీ ఇంటి నెయ్యి కల్తీది" అన్నట్టు చూస్తారు. కాబట్టి "బ్యాటరీ నిండుగా ఉందండీ, కరెంటు అక్కర్లేదు" అని చెప్పడం మొదలుపెట్టాను.

మా వైపు వద్దన్న మాటను ఎవరూ వద్దన్నట్టు తీసుకోరు. కడుపు నిండిందన్నవాడి విస్తట్లోకి ఇంకో గరిటె పడుతుంది. వద్దన్నవాడు మొహమాటపడుతున్నాడని, పెట్టేవాడు దాన్ని కనిపెట్టి వడ్డించాలని ఇక్కడి పద్ధతి. కరెంటు కూడా అంతే. నేను అక్కర్లేదని చెప్పి స్నానానికి వెళితే, వచ్చేసరికి ఎవరో కేబుల్ లాక్కెళ్ళి తగిలించేసి, నవ్వుతూ నిలబడి ఉండేవారు. "మాకాడ మొహమాటం ఏంది సార్." ఒకచోట ఇంటివాళ్ళ పెద్దమ్మాయి ఇంకా ముందుకెళ్ళి, మా బండిలో ఏసీ కూడా వేసి, లోపల తలుపేసుకుని చదువుకుంటోంది.

ఇన్ని మజిలీల్లో ఒక్కచోట మాత్రం టెస్టరు పాసయింది. వేటపాలెం దగ్గర, ఒక చర్చి ఆవరణలో. జీడిపప్పు వేయించే వాసన ఊరంతా పరుచుకుని ఉంది. పాస్టరుగారు బండిని చెట్టు కింద పెట్టుకోమని, గోడ మీద సాకెట్ చూపించారు. టెస్టరు పెట్టగానే దీపాలు కుదురుగా వెలిగాయి. నేను నమ్మలేక తీసి మళ్ళీ పెట్టాను.

"ఎర్తు బాగుందండీ" అన్నాను. అప్పటికి నాకది పెద్ద మెచ్చుకోలు.

"లేకపోతే మైకులో గుయ్యిమని శబ్దం వస్తుందండీ" అన్నారాయన. "నా ప్రసంగం వినపడకపోయినా మావాళ్ళు సర్దుకుంటారు. పాట చెడితే ఊరుకోరు. వాళ్ళే తవ్వి వేయించారు."

మా ఆవిడ ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. పొద్దున్నే కాఫీ కలుపుతూ, "ఇట్లాంటి కరెంటైతే కల్లానికి పోవచ్చు" అంది. నేను బావకు ఫోన్ చేశాను. కోత మొదలైంది, రండి, అన్నాడు.

వినుకొండ దాటి తోట చేరేసరికి ఎండ ముదిరింది. కల్లం నిండా కాయలు. ఒకవైపు పాక కింద పదిమంది దాకా ఆడవాళ్ళు కూర్చుని, రంగు పోయిన తాలు కాయలు ఏరుతున్నారు. ఇంకోవైపు బోరు, దాని పక్కన మోటారు షెడ్డు. మా ఆవిడ బండి దిగీ దిగగానే చెప్పులు విడిచి కాయల అంచున నిలబడింది. ముక్కుతో గట్టిగా ఒకసారి గాలి పీల్చుకుని, పెద్దగా తుమ్మింది. అంత తృప్తిగా తుమ్మిన మనిషిని నేను చూడలేదు.

నేను టెస్టరు తీసుకుని షెడ్డుకు వెళ్ళాను. సాకెట్లో పెట్టాను. ఫెయిల్.

బయటికి రాగానే మా ఆవిడ నా మొహం చూసి, "లేదా?" అంది.

"లేదు. ఇవాళ్టికి కరెంటు పెట్టుకోవద్దు. ఫ్యానుతో ఉందాం. ఏం చెయ్యాలో సాయంత్రం చూద్దాం."

"సాయంత్రానికి అదెక్కణ్ణుంచి వస్తుంది?" అంది. బావ వచ్చి కేబుల్ ఎక్కడుంది బావా అని అడిగితే, నా పాత పాటే పాడాను. బ్యాటరీ నిండుగా ఉంది, అక్కర్లేదు.

"మొహమాటపడమాక బావా" అన్నాడు.

"మొహమాటం కాదు బావా. నిజంగా అక్కర్లేదు."

"సరేలే. ఈ పెరుగు గిన్నె నీ ఫ్రిజ్‌లో పెడతా, తాళం ఇయ్యి" అన్నాడు. ఇచ్చాను. మేమిద్దరం కోత కోస్తున్నవాళ్ళను చూడ్డానికి చేలోకి వెళ్ళాం.

గంట తర్వాత తిరిగొస్తే, కల్లంలో ఏదో తేడాగా అనిపించింది. పాక కింద ఒక ముసలామె తల ఎత్తి గాలి వాసన చూస్తోంది.

"ఎవురో తిరగమోత పెట్టారే" అంది.

"కల్లంలో తిరగమోత ఎవురు పెడతారే, నీ ముక్కు పాడుగాను" అంది పక్కనామె. అని దగ్గింది. తర్వాత ఆ పక్కనామె దగ్గింది. దగ్గు వరసగా పాక చివరిదాకా పోయి మళ్ళీ వెనక్కొచ్చింది.

బావ మంచం మీద కూర్చుని నవ్వుతున్నాడు. "మాకు ఘాటేంది బావా. పుట్టినకాడ్నుంచీ ఇదే గాలి పీలుస్తన్నాం. పొగబెట్టినా మాకు..." అన్నవాడు వాక్యం మధ్యలో ఆగి, తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని, కళ్ళనీళ్ళు తెచ్చుకుంటూ దగ్గాడు.

అప్పుడు నాకు ఇంకో శబ్దం వినిపించింది. మా బండి ఏసీ తిరుగుతోంది.

"బావా, కేబుల్ ఎక్కడ?"

అతను దగ్గుతూనే, మనిషి మోకాలెత్తున్న మిరప రాశి వైపు చెయ్యి చూపించాడు. రాశి లోపల్నుంచి, ఎండలో కనపడీ కనపడనట్టు, సన్నటి పొగ లేస్తోంది.

నేను రాశి వైపు పరిగెత్తాను. మా ఆవిడ షెడ్డు వైపు నడిచింది.

నాకూ మా ఆవిడకూ ఉన్న తేడా అంతా ఆ రెండు దిక్కుల్లో ఉంది. నేను చేతులతో కాయలు పక్కకు తోసి ఆ వేడి కేబుల్‌ని పట్టుకుని లాగబోతున్నాను. ఆవిడ చెప్పులు వేసుకుని, చెయ్యి చీర కొంగుకు తుడుచుకుని, స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, దాన్ని పట్టుకునే బయటికొచ్చి, "ఇప్పుడు ముట్టుకోండి" అంది.

కాయలన్నీ పారతో పక్కకు తీయించాం. కింద మా కేబుల్ దొరికింది. అందంగా, గుండ్రంగా, చుట్ట మీద చుట్ట పేర్చి, జారిపోకుండా మూడుచోట్ల పురికొసతో కట్టి ఉంది. మధ్య చుట్టలు మెత్తబడి ఒకదానికొకటి అంటుకున్నాయి. వాటిని ఆనుకున్న కాయలు, రెండు గంపలకు సరిపడా, ముదురు గోధుమ రంగులో వేగి ఉన్నాయి.

"ఏం చేశావు బావా?"

"ఏం చేశా?" అన్నాడు తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటూ. "చెల్లెలు చెమటతో వచ్చుద్దని ఏసీ ఏశా. వచ్చి నీళ్ళు పోసుకుంటదని ఆ గీజరు ఏశా. ఆడోళ్ళ కాళ్ళకి తగిలి పడతారని ఎచ్చు వైరు చుట్టేశా. ఎండకి రబ్బరు పగులుద్దని పైన కాయలు కప్పా. ఇందులో తప్పేంది?"

"ఏ ఒక్కదాంట్లోనూ తప్పు లేదు బావా. అన్నీ కలిపి చేశావు."

చుట్టి ఉన్న కేబుల్‌లో కరెంటు పారితే, ఒక చుట్ట వేడి పక్క చుట్ట మీద పడుతుంది. పరిచి ఉంటే గాలికి చల్లారిపోయేది. దాని మీద మోకాలెత్తు మిరపకాయల దుప్పటి కప్పితే ఇంకెక్కడికి పోతుంది? నేను బోలెడు డబ్బు పోసి పెట్టించిన ఈఎల్‌సీబీ ఇదంతా చూస్తూ గమ్మున ఉంది. దాని పని కారే కరెంటును పట్టుకోవడం. వేడెక్కే తీగె సంగతి దానికి అక్కర్లేదు. ఆపద కనిపెట్టింది మిరపకాయలు, కనిపెట్టగానే పదిమందికీ చెప్పాయి.

"అయ్యగారూ, పచ్చడి నూరుదామా? ఉప్పేదీ?" అంది పాకలోంచి ముసలామె. ఆడవాళ్ళంతా నవ్వారు. బావ కూడా నవ్వబోయాడు. మా ఆవిడ నవ్వలేదు.

"అన్నయ్యా, నీ కరెంటు నాకొద్దు" అంది.

పాకలో నవ్వు ఆగిపోయింది. అన్నం వద్దనవచ్చు, కాఫీ వద్దనవచ్చు, వాటికి పద్ధతులున్నాయి. ఈ మాటకు పద్ధతి లేదు. పైగా అది మొహమాటం కాదని అందరికీ తెలుస్తూనే ఉంది.

"నా కరెంటుకేమైంది?" అన్నాడు బావ. "ఆ వైరు చుట్టింది నా తప్పే, ఒప్పుకుంటా. కరెంటేం చేసింది? నాన్న ఉన్నప్పట్నుంచీ దీని మీదే మోటారు నడుస్తా ఉంది."

"మోటారు మీద చెయ్యేస్తే నీకు జిల్లుమనదా?"

"అంటది. అంటేనేగా కరెంటు ఉందని తెలిసేది. అనకపోతే పోయిందనుకుని ఇంటికి పోతాం."

మా ఆవిడ కాసేపు అతనికేసి చూసింది. ముప్ఫై ఏళ్ళు తరగతిలో నిలబడిన మనిషి, ఏ జవాబుకు కోప్పడాలో ఏ జవాబుకు జాలిపడాలో ఆవిడకు తెలుసు.

"నేను ఇక్కడ హాయిగా పడుకుందామని వచ్చాను అన్నయ్యా. ఒక కన్ను తెరుచుకుని పడుకోడానికి కాదు. ఎర్తు లేదు. నేనుండను."

బావ తువ్వాలు భుజాన వేసుకున్నాడు. బైకు స్టార్ట్ చేసి, ఎటు పోతున్నాడో ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు.

మా ఆవిడ బండిలోకి వెళ్ళి, విప్పిన చీరలు మళ్ళీ మడతలు పెట్టింది. నేను కేబుల్ విప్పి చూస్తూ కూర్చున్నాను. ఒక కొసనుంచి పది మీటర్ల దాకా బాగానే ఉంది. తర్వాతదంతా పనికిరాదు. బాగున్నంతవరకు ఉంచి మిగతాది కోసేశాను.

"ఫ్యానుతో ఉండిపోదామా?" అని అడిగాను, వినపడీ వినపడనట్టు.

"మధ్యాహ్నమైతే బండి పెనంలా కాలుద్ది. రేపు మీకు వడదెబ్బ తగిల్తే ఎవరు చూస్తారు?" అంది. కోపమొస్తే ఆవిడకు ఊరి యాస వస్తుంది. "సాయంత్రంలోపు బయల్దేరదాం."

అని కిటికీలోంచి కల్లం వైపు చూస్తూ నిలబడింది. తాలు ఏరుతున్న ఆడవాళ్ళు ఏదో పదం అందుకున్నారు. ఆవిడకది వచ్చు. పెదాలు కదులుతున్నాయి గానీ పాట బయటికి రాలేదు.

బైకు శబ్దం వినిపించింది. ముందు కనపడింది బైకు కాదు, దాని పక్కన తాడుతో కట్టిన, నిలువెత్తు దాటిన ఇనప గొట్టం. వెనక సీటు మీద ఊళ్ళో కరెంటు పని చేసే అతను, బొగ్గుల గోతం ఒళ్ళో పెట్టుకుని, మొహమంతా నల్లగా చేసుకుని కూర్చున్నాడు. ముందు ట్యాంకు మీద కళ్ళుప్పు సంచులు.

"ఉప్పొచ్చిందే" అంది పాకలో ముసలామె. "ఇందాక మిరపకాయలు ఏయించారు. ఇప్పుడు ఉప్పు. అల్లుడుగారిని ఊరేస్తన్నారే."

బావ ఆమె మాట పట్టించుకోలేదు. గొట్టం దించి, లుంగీ ఎగ్గట్టి, బోరు నీళ్ళు ఎప్పుడూ కారుతుండే తడి చోట పలుగు దించాడు. కూలీలను పిలవలేదు. నేను వెళ్ళి పార అందుకోబోతే, "నువ్వుండు బావా, నీకు చరిత్ర తవ్వడం వచ్చుగానీ ఇది రాదు" అన్నాడు. అది అవమానమా, ఆప్యాయతా అని నేను తర్కించలేదు. పార పెద్దగా ఉంది.

మా ఆవిడ బండి మెట్టు మీదికొచ్చి నిలబడింది. "ఇదంతా ఇప్పుడెందుకన్నయ్యా?"

"ఇన్ని ఎకరాలుండి నా చెల్లెలికి ఒక గుంత తవ్వలేనా?" అన్నాడు, తల ఎత్తకుండా. "నువ్వు నీళ్ళ బిందె తీసుకురా. పొయ్యాలంట."

ఛాతీలోతు ఎర్తు గుంత అయింది. అడుగున బొగ్గు, దాని మీద ఉప్పు, మధ్యలో గొట్టం, మళ్ళీ బొగ్గు, మళ్ళీ ఉప్పు, పైన మట్టి. బొగ్గూ ఉప్పూ తడిని పట్టి ఉంచితే, కారే కరెంటు గొట్టంలోంచి భూమిలోకి దిగిపోతుందట. కరెంటు పని అతను గొట్టానికి బిగించిన తీగెను షెడ్డులోని బోర్డుకు, సాకెట్‌కు, మోటారుకు కలిపాడు. మా ఆవిడ బిందెలతో నీళ్ళు మోసింది. మోకాళ్ళ సంగతి ఆ కాసేపు ఎవరూ ఎత్తలేదు, అవి కూడా ఎత్తలేదు.

నేను టెస్టరు పెట్టాను. బావ నా భుజం మీదుగా తొంగి చూశాడు. దీపాలు వెలిగాయి.

"పాసా?"

"పాస్."

"ఫస్టు క్లాసేనా?"

మా ఆవిడ నన్ను పక్కకు జరగమని, టెస్టరు తీసి, మళ్ళీ తనే పెట్టి చూసుకుంది. "పాసే" అంది. ఆ మార్కులకే విలువ.

బావ వెళ్ళి అలవాటుగా మోటారు మీద చెయ్యి వేశాడు. తీసి, రెండో చెయ్యి వేశాడు. మొహంలో ఏదో పోగొట్టుకున్న దిగులు.

"ఏమీ అనట్లా బావా. ఇప్పుడు కరెంటు ఉందో లేదో ఎట్టా తెలుసుద్ది?"

"బల్బు వేసుకో బావా."

"బల్బు మాడిపోతే?" అన్నాడు.

కోసిన కొసకు ప్లగ్గు బిగిస్తూ, కేబుల్ పది మీటర్లే మిగిలింది కదా, ఇంకో ముక్క అతుకుదామన్నాడు కరెంటు పని అతను. మా ఆవిడ "కేబుల్ చాలకపోతే బండే దగ్గరికొస్తుంది. చక్రాలున్నాయిగా" అంది. బండిని షెడ్డు పక్కకు తెచ్చి పెట్టాను. కేబుల్ చుట్ట లేకుండా, తిన్నగా, గోడ వారగా పరిచాను. నడిచే చోట రెండు పక్కలా ఇటుకలు పేర్చి, మీద చెక్క వేశాం. ఎవరైనా దాన్ని మళ్ళీ అందంగా చుట్టబోతే వేళ్ళు కోస్తానని మా ఆవిడ కల్లంలో అందరికీ విడివిడిగా చెప్పింది. బావకు రెండుసార్లు చెప్పింది.

వేగిన కాయల్ని ముసలామె వదల్లేదు. చింతపండు, వెల్లుల్లి వేసి రోట్లో నూరి, మర్నాడు మధ్యాహ్నం అందరికీ తలో ముద్ద పెట్టింది. పొగ వాసనతో చాలా బాగుంది. కొంచెం రబ్బరు రుచి ఉందని నాకనిపించింది గానీ, అన్నీ బయటికి అనక్కర్లేదు.

ఆ కోత అయ్యేదాకా ఉన్నాం. పగలు ఆవిడ పాకలో కూర్చుని తాలు ఏరేది, మధ్యమధ్య వాళ్ళ పిల్లల లెక్కలు చూసేది. ఎండ ముదిరితే బండిలోకొచ్చి ఏసీలో ఒక కునుకు తీసేది. ఒకసారి ముసలామెను కూడా లోపలికి తీసుకొచ్చి పడుకోబెట్టింది. ఆమె కాసేపు ఆ చల్లగాలికి కళ్ళు మూసుకుని, "సచ్చిపోయినట్టుంది తల్లీ, బాగుంది" అంది.

ఆఖరి రోజు కాయలు గోతాలకెత్తుతున్నారు. కల్లం ఖాళీ అవుతోంది. మా ఆవిడ ఒక గోతం మీద కూర్చుని అన్నయ్యను అడిగింది.

"మళ్ళీ కోత ఎప్పుడు?"

"చెట్టు మీదున్న పచ్చికాయ పండాలంటే మూడు వారాలన్నా ఆగాలమ్మాయ్."

"ఆగుదాం" అంది.

నాకేసి చూడలేదు. నేను రెండు జతల బట్టలతో వచ్చాను. ఆ సాయంత్రం బావ బైకు తీసుకుని వినుకొండ వెళ్ళి, రెండు లుంగీలు కొనుక్కొచ్చాను.